పాటకు రెండవ గొంతు

క్రొత్త పాటను విన్నవాడు మొదట చేసే పని తీర్పు చెప్పటం. పాట ముగియక మునుపే ఆ తీర్పు సిద్ధమై ఉంటుంది. ఈ దోషం పామరులకు మాత్రమే ఉన్నదనుకొంటే పొరపాటు. చదువుకొన్నవారికి, అందులోనూ చదువు చెప్పేవారికి, ఇది మరి కొంచెం హెచ్చు. పుస్తకాలు చదివినకొలది మనకు కొలబద్దలు పెరుగుతవి గాని చెవులు పెరగవు. ఈ మాట ఎవరినో ఉద్దేశించి అన్నది కాదు. నా అనుభవం మీద అంటున్నాను. ముందుగా ఆ కథ చెప్పి పిదప విషయంలోకి వస్తాను.

కొన్నేండ్ల క్రిందట మా కళాశాల వార్షికోత్సవంలో బి.ఏ. రెండవ సంవత్సరపు విద్యార్థి ఒకడు గిటారు పట్టుకొని వేదిక ఎక్కినాడు. చంద్రగిరి దాపున ఒక పల్లెవాడు. తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తన పాడుతానన్నాడు. అందరూ ఎరిగిన పది పాటలలో ఒకటి కాబోలు ననుకొన్నాము. కాదు. సంకీర్తన సంపుటాలలో ఏదో మూలన ఉన్న పాట అది. నేను విన్నది కాదు, నిజం చెప్పవలెనంటే చదివినదీ కాదు. దానికి వరుస తానే కట్టుకొన్నాడు. గుసగుస వలె మొదలైన గొంతు చరణం చివరకు వచ్చేసరికి కేక వంటి పిలుపైనది. ముందు వరుసలోని పెద్దలు ఒకరి మొగం ఒకరు చూచుకొన్నారు. వెనుక వరుసలలోని పిల్లలు నవ్వినారు. ముగింపు మాటలు చెప్పే వంతు నాది. ‘అన్నమయ్యను అన్నమయ్యగానే ఉండనిస్తే మంచిది’ అని ఒక చమత్కారం విసిరినాను. సభ చప్పట్లు కొట్టినది. ఆ పిల్లవాడు తల వంచుకొని గిటారును సంచిలో పెట్టుకొన్నాడు.

వారం దినాల తరువాత అతడే నా గదికి వచ్చినాడు. మొగంలో కోపం లేదు. ‘సార్, ఒక సందేహం. అన్నమయ్య కట్టిన వరుస ఎట్లుండేదో మనకు తెలుసునా?’ అని అడిగినాడు. నేను జవాబు చెప్పబోయి ఆగినాను. తెలియదు అన్నదే నిజమైన జవాబు. ‘మరి నా పాట అన్నమయ్యది మాదిరి లేదని ఎట్లా చెప్పినారు?’ అని అతడు అడుగలేదు. అడుగకపోవటమే నన్ను ఎక్కువ బాధించినది. వెళ్ళబోతూ ఒక చిన్న కాగితం మీద ఏదో వ్రాసి నా బల్ల మీద పెట్టి, ‘దీన్ని ఒక్కసారి వినండి సార్. నచ్చకపోయినా పరవాలేదు’ అన్నాడు. కాగితం మీద ఉన్నది ఇంతే: ‘గ్రేస్ — జెఫ్ బక్లీ — 1994’.

ఆ కాగితం నన్ను రెండు దారుల నడిపించినది. ఒకటి న్యూయార్కు నగరానికి. రెండవది ప్రతి ఉదయం మా ఇంటి వాకిలి నుంచి కనబడే కొండమీదికి. రెండు దారులూ చివరకు ఒకచోటనే కలిసినవి. ఆ సంగతియే ఈ వ్యాసం.

ఒక తొలి ఆల్బం కథ

మాటను, వరుసను తానే కట్టి తానే పాడేవాణ్ణి మనవారు వాగ్గేయకారుడన్నారు. 13వ శతాబ్దిలో శార్ఙ్గదేవుడు ‘సంగీత రత్నాకరం’లో మాటకు మాతువని, వరుసకు ధాతువని పేర్లు చెప్పి, రెంటియందును నేర్పు గలవాణ్ణి ఉత్తమ వాగ్గేయకారునిగా లెక్కించినాడు. పడమటి దేశాలలో 20వ శతాబ్ది రెండవ సగంలో ఇట్టివారి సంప్రదాయం ఒకటి బలంగా ఎదిగినది. చేతిలో గిటారు, ఎదుట కొద్దిపాటి శ్రోతలు, సొంత మాట, సొంత వరుస — ఇది వారి రూపం. రాక్ సంగీతంలో ‘ఆల్టర్నేటివ్’ అనే శాఖ ఒకటి ఉన్నది. పెద్ద వ్యాపార సంస్థలు వేసిన బాటను కాదని, చిన్న కంపెనీల ద్వారా, చిన్న వేదికల మీద 1980ల నుంచి పెరిగిన శాఖ అది. 1990ల తొలినాళ్ళకు అదే పెద్ద వ్యాపారమైపోవటం కాలం చేసిన చమత్కారం.

జెఫ్ బక్లీ 1966లో కాలిఫోర్నియాలో పుట్టినాడు. తండ్రి టిమ్ బక్లీ కూడ పేరుమోసిన వాగ్గేయకారుడే గాని, కొడుకు పుట్టక మునుపే ఇల్లు విడిచినాడు. 1975లో ఇరవై ఎనిమిదేండ్లకే మరణించినాడు. తండ్రి పేరు మీద గాక తన గొంతు మీద బ్రతకవలెనన్నది కొడుకు పట్టుదల. న్యూయార్కులో ‘షినే’ అనే చిన్న కాఫీ హోటలులో ఒంటరిగా గిటారు మీటుతూ పాడేవాడు. అక్కడ అతడు పాడినవానిలో నుస్రత్ ఫతే అలీ ఖాన్ ఖవ్వాలీ కూడ ఉన్నదంటే మనవారికి ఆశ్చర్యం కలుగుతుంది. దర్గాల ముంగిట పుట్టిన పంజాబు పాట ఒక కాలిఫోర్నియా యువకునికి గొంతు విప్పటం నేర్పినది.

అతని తొలి ఆల్బం ‘గ్రేస్’ 1994 ఆగస్టు 23వ తేదీన అమెరికాలో వెలువడినది. గ్రేస్ అంటే అనుగ్రహం. పాటలు 10. అందులో ఏడు అతడు ఒంటరిగానో, తోడివారితో కలిసియో కట్టినవి, మూడు ఇతరులవి. అమెరికాలో అమ్మకాల పట్టికలో అది 149వ మెట్టు దాటి పైకి పోలేదు. ఫ్రాన్సులోను, ఆస్ట్రేలియాలోను ఆదరణ లభించినది. స్వదేశంలో విమర్శకులు రెండుగా చీలినారు. గొంతు అపూర్వమన్నవారున్నారు, ఆడంబరం ఎక్కువైనదన్నవారూ ఉన్నారు. ఒక ప్రసిద్ధ సంగీత పత్రికలోని సమీక్ష ‘హల్లెలూయా’ అనే పాటను పేర్కొని, ఆ పాటను మోయగలంతగా దెబ్బతిన్న గొంతు కాదిది అన్న భావం వెలిబుచ్చినది.

ఈనాడు ఆ సంగతి తలచుకొంటే నాకు నవ్వు రాలేదు, భయం వేసినది. ఏలయనగా ఆ ఆల్బమంతటిలో లోకం నాలుక మీద నిలిచినది ఆ పాటయే. 2014లో అమెరికా ప్రభుత్వపు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, కలకాలం కాపాడదగిన రికార్డుల పట్టికలో దానిని చేర్చినది. కాని ఆ గౌరవాన్ని చూచుకొనటానికి పాడినవాడు లేడు. 1997 మే 29వ తేదీన మెంఫిస్ నగరంలో ఒక నదిపాయలో ఈదటానికి దిగి మునిగిపోయినాడు. అప్పటికి అతనికి ముప్పై ఏండ్లు. రెండవ ఆల్బం పూర్తి కాలేదు.

ఇందులో గమనింపవలసిన విషయం ఒకటున్నది. ‘హల్లెలూయా’ బక్లీ కట్టిన పాట కాదు. కెనడా దేశపు కవి, గాయకుడు లియొనార్డ్ కోహెన్ కట్టినది. 1984 నాటి ఆల్బంలోనిది. అప్పుడు అతని కంపెనీవారే ఆ ఆల్బంను అమెరికాలో విడుదల చేయ నిరాకరించినారు. 1991లో జాన్ కేల్ అనే సంగీతజ్ఞుడు పియానో మీద ఆ పాటను క్రొత్త తీరున పాడినాడు. బక్లీ దానిని విని తన దారిన పాడినాడు. పదేండ్ల క్రిందట వద్దన్న ఆ కంపెనీయే బక్లీ గొంతులో ఆ పాటను వెలువరించినది. కవికి అందని చెవులు మూడవ గొంతుకు అందినవన్నమాట.

ఇతరుల పాటలలో ఇంకొకటి మరింత విచిత్రమైనది. ‘కార్పస్ క్రిస్టీ కేరల్’ అని దాని పేరు. 16వ శతాబ్ది పూర్వభాగంలో రిచర్డ్ హిల్ అనే లండన్ వర్తకుడు తనకు నచ్చిన వాటినెల్ల వ్రాసిపెట్టుకొన్న సొంత పుస్తకం ఒకటి ఉన్నది. ఆ పాట మాటలు మనకు దక్కినది అందులోనే. కట్టినవాని పేరు తెలియదు. ఆనాటి వరుస ఏదో ఆ పుస్తకంలో లేదు. 1930లలో బెంజమిన్ బ్రిటన్ అనే ఇంగ్లీషు స్వరకర్త దానికి క్రొత్త వరుస కట్టినాడు. దాదాపు అరవై ఏండ్లకు ఒక రాక్ గాయకుడు దానిని తన తొలి ఆల్బంలో పాడుకొన్నాడు.

మాట మిగిలినది, వరుస పోయినది, నాలుగు వందల ఏండ్ల తరువాత మరియొకడు వచ్చి వరుస కట్టగా పాట మరల లేచి కూర్చున్నది. ఈ కథ తెలుసుకొన్న రాత్రి నాకు ఎవరు జ్ఞాపకం వచ్చినారో తిరుపతివారికి వేరుగా చెప్పనక్కరలేదు. నా విద్యార్థి ఆ కాగితం ఎందుకు ఇచ్చినాడో కూడ అప్పుడే తెలిసినది.

రాగిరేకుల మౌనం

అన్నమయ్య జీవితకాలం 1408 నుంచి 1503 వరకని పండితుల నిర్ణయం. రాగిరేకుల మీది పీఠికావాక్యం ప్రకారం ఆయన పదహారవ యేట, అనగా శాలివాహన శకం 1346లో మొదలుపెట్టి, శకం 1424 దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి దాక — డెబ్బది యెనిమిదేండ్లు — తిరువేంగళనాథుని మీద పాడుతూనే ఉన్నాడు. సంకీర్తనలు 32,000 అని మనుమడు చిన్నన్న ద్విపద చరిత్రలో చెప్పినాడు. మనకు దక్కినవి పన్నెండు, పదునాలుగు వేల మధ్య.

ఆ పాటలకు తొలి శ్రోతలు ఎట్టివారు? చిన్నన్న చెప్పిన కథ ఒకటి అందరూ ఎరిగినదే. సాళువ నరసింహరాయడు అన్నమయ్య పదాలను విని పరవశించినాడు. అంతటితో ఆగక అట్టి పదం తన మీద ఒకటి చెప్పుమన్నాడు. కవి చెవులు మూసికొని కాదన్నాడు. రాజు సంకెళ్ళు వేయించినాడు. ఈ కథను భక్తి మహిమకు నిదర్శనంగా చెప్పటం ఆచారం. నాకు ఇందులో మరియొకటి కనబడుతుంది. మెచ్చుకొన్న శ్రోత కూడ పాటను విన్నట్లు కాదు. పాటలో తన్ను తాను వెదుకుకొన్న శ్రోత, ఎంత తలయూపినా, పాటకు వెలుపలనే ఉన్నాడు.

కవి గతించిన తరువాత కుమారుడు పెద తిరుమలాచార్యుడు చేసిన పని తెలుగు వాఙ్మయ చరిత్రలో సాటిలేనిది. తాటాకు చిమ్మటలకు ఎర అవుతుంది, రాగి నిలుస్తుంది. కావున తండ్రి పాటలను రాగిరేకుల మీద చెక్కించినాడు. రేకులు రెండు వేలకు పైబడినవి. ఆలయ ప్రాకారంలోనే, భాష్యకారుల సన్నిధి దాపున, వానికొక రాతి అర ఏర్పడినది. అదియే సంకీర్తన భాండాగారం. అక్కడ దీపానికి, నైవేద్యానికి, పాడేవారికి చేసిన ఏర్పాట్లు తిరుమల శాసనాలలో ఎక్కినవి.

ప్రతి పాట తలమీద రాగం పేరు చెక్కి ఉన్నది. స్వరాలు లేవు. ఆ కాలంలో వరుస గురువు నోటి నుంచి శిష్యుని చెవికి పోయేదే గాని, రేకు మీదికి ఎక్కే అలవాటు లేదు. తండ్రి పాటను నిలుపవలెనన్న కొడుకు శ్రమ మాతువును నిలిపినది. ధాతువు గాలిలో నిలువవలసినదే గనుక, గాలి మారగానే అది పోయినది. విజయనగరపు ప్రాభవం తగ్గినది, పాడే గొంతులు పలుచబడినవి, అర మూతబడినది. తెలుగు తల్లులు బిడ్డకు అన్నం తినిపిస్తూ చందమామను పిలిచే పాట వంటివి ఒకటి రెండు జనం నోట మిగిలినవి గాని, అవి ఎవరివో జనానికి తెలియదు.

ఇక రెండవ వినికిడి. 1816లో ఏ.డి. కాంప్‌బెల్ దొర తెలుగు భాషకు ఇంగ్లీషులో ఒక వ్యాకరణం ప్రకటించినాడు. దాని పీఠికలో తిరుపతి రాగిరేకుల ప్రసక్తి ఉన్నది. కొండమీది కోవెలలో వేలకొలది రేకుల మీద పద్యాలు చెక్కి ఉన్నవని ఆయన విన్నాడు. వెదికించి చూడగా అందులో వ్యాకరణ గ్రంథం ఒకటి దొరికినది, దానికి ప్రతి వ్రాయించుకొన్నాడు. అది పోగా, దేవుని మీది స్తోత్రాలు తప్ప మరేమియు లేదని తేలినదట. ఆ పీఠికలో ఆ సంగతి ఒక నిరాశగా నమోదైనది. నాకు తెలిసినంతలో అచ్చులో అన్నమయ్య పాటలకు లభించిన తొలి సమీక్ష అదే. వ్యాకరణం ఒక్కటి పోగా, తక్కినవి ఉత్త పాటలు!

కాంప్‌బెల్ దొర మూర్ఖుడు కాడు, తెలుగుకు అపకారి కాడు. శ్రద్ధగా భాష నేర్చిన మనిషి. తనకు కావలసినదానిని తీసికొని, తక్కినదానిని చూడలేదు. అంతే. వార్షికోత్సవ సభలో నేను చేసిన పని ఇంతకంటె వేరు కాదు. ఆయనకు కావలసినది వ్యాకరణం. నాకు కావలసినది నేను మునుపు విన్న అన్నమయ్య.

రాళ్ళపల్లివారి సాహసం

1920లలో, దేవస్థానపు శాసనాలను పరిశోధించిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కాలంలో, రాగిరేకులు వెలుగు చూచినవి. 1930లలో అచ్చుపని మొదలైనది. 1939లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధనాలయం ఏర్పడినది. అక్కడ వేటూరి ప్రభాకరశాస్త్రిగారు తాళ్ళపాకవారి వాఙ్మయాన్ని తమ చివరి ఏండ్ల తపస్సుగా చేసికొన్నారు. చిన్నన్న ద్విపద చరిత్రను 1949లో విపులమైన పీఠికతో ప్రకటించినారు. మరుసటి యేడు కాలధర్మం చేసినారు. అన్నమయ్య ఎవరో తెలుగువారికి చెప్పినది ఆయన. అన్నమయ్య ఎట్లు వినిపిస్తాడో చెప్పటం మిగిలినది.

ఆ పనికి వచ్చినవారు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు. 1893లో అనంతపురం జిల్లా రాళ్ళపల్లిలో పుట్టినారు. మైసూరు మహారాజా కళాశాలలో ముప్పై ఎనిమిదేండ్లు తెలుగు బోధించినారు. ప్రాకృత గాథాసప్తశతిని తెనిగించిన కవి. సంగీతంలో శాస్త్రమూ గొంతూ రెండూ గల విద్వాంసుడు. 1950లో తిరుపతికి వచ్చి రేకుల ముందు కూర్చున్నారు. తెలుగు బోధించే వృత్తిలో ఉన్న నాబోటివారికి ఆయన ఒక ఆశ్వాసం, ఒక హెచ్చరిక కూడ.

ఆయన ఎదుట ఉన్న చిక్కును ఉపాధ్యాయ మిత్రులు ఊహించుకొనవలె. రేకు మీద పల్లవి ఉన్నది, మూడు చరణాలున్నవి, తలమీద ఒక రాగం పేరున్నది. ఆబాలి, కొండమలహరి, అమరసింధు వంటి కొన్ని పేర్లకు నేడు రూపమే లేదు. శ్రీరాగం, ముఖారి, భైరవి వంటివి నేడు ఉన్నవి గాని, అయిదు వందల ఏండ్లలో రాగాలు ఒకే రూపాన నిలిచినవని ఎవరు చెప్పగలరు? ఇక మిగిలిన ఆధారం మాటయే. పదం ఎక్కడ విరుగుతుంది, ఎక్కడ సాగుతుంది, పల్లవి ఏ ఊపిరి మీద తిరిగి రావలె, శృంగార సంకీర్తనలో నాయిక దెప్పిపొడుస్తున్నదా, బ్రతిమాలుతున్నదా — ఇవన్నీ మాటను అడిగి తెలుసుకొనవలసినవే. శర్మగారు అట్లే అడిగినారు. నూరుకు పైగా సంకీర్తనలకు వరుసలు కట్టి, స్వరాలతో అచ్చుకు ఇచ్చినారు.

ఆ వరుసలు అన్నమయ్యవి కావు, రాళ్ళపల్లివారివి. ఈ మాటను మనం ధైర్యంగా ఒప్పుకొనవలె. ఒప్పుకొన్నందువలన అన్నమయ్యకు తగ్గేది ఏమియు లేదు. శర్మగారికి పెరిగేది చాల ఉన్నది. ఆయన ఆనాడు ‘అన్నమయ్య వరుస పోయినది గనుక ఇక పాడరాదు’ అని ఊరకున్నట్లయితే ఈనాడు మనకు సంపుటాలు ఉండేవి, పాటలు ఉండేవి కావు.

ఆయన తెరచిన వాకిలి గుండా మరికొందరు నడిచినారు. విజయవాడ రేడియో కేంద్రపు భక్తిరంజని తెలవారుజామున ఇంటింటికి సంకీర్తనలను తెచ్చినది. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు వానికి వరుసలు కట్టినారు, పాడినారు. నేదునూరి కృష్ణమూర్తిగారు వందకు పైగా సంకీర్తనలను కచేరీ మర్యాదకు తగిన గాంభీర్యంతో తీర్చినారు. బ్రతుకు నాటకమని చెప్పే ప్రసిద్ధ సంకీర్తనను ఆయన రేవతి రాగంలో కట్టినారు. రేకు మీది రాగం అది కాదు. అయినను, ఆ పాటను మరియొక రాగంలో ఊహించుకొనటం నేడు మనకు కష్టం. ఒకనాటి సాహసం మరునాటికి సంప్రదాయమయ్యే తీరు ఇదే.

రికార్డు చేసిన మేలు, కీడు

1978లో తిరుమల తిరుపతి దేవస్థానంవారు అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పినారు. ఆ దరిదాపులలోనే ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి చేత ‘బాలాజీ పంచరత్నమాల’ పేర ఐదు పెద్ద గ్రామఫోను రికార్డులు పాడించినారు. ఆమె మాతృభాష తమిళం. వయస్సు అరవై దాటినది. లోకమంతా చుట్టివచ్చిన కీర్తి. అట్టి విదుషి చిన్నపిల్ల వలె కూర్చుండి తెలుగు సంకీర్తనలను క్రొత్తగా నేర్చుకొన్నది. కచేరీ వేదికల మీద త్యాగరాజాదులకు ఉన్న చోటు పదకర్తకు లేని రోజులవి. ఆ రికార్డులతో దక్షిణ దేశమంతా అన్నమయ్య పేరు మారుమ్రోగినది. ఆమె కంచు విగ్రహాన్ని 2006లో తిరుపతి కూడలిలో నిలిపినారు. విద్యార్థులు దినమూ దాని ప్రక్కనే నడిచిపోతూ ఉంటారు. ఆ విగ్రహం తిరుపతిలో ఎందుకున్నదో వారికి చెప్పవలసినవారము మనము.

గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు 1948లో పుట్టి 2025లో తిరుపతిలోనే కన్నుమూసినారు. ప్రాజెక్టు గాయకునిగా ఆయన వందలకొలది సంకీర్తనలకు వరుసలు కట్టినారు. నేదునూరివారిది కచేరీ మార్గమైతే, ప్రసాద్ గారిది పదిమంది కలిసి పాడుకొనే మార్గం. మా వీధిలోని ఇల్లాండ్రు వంటచేస్తూ పాడుకొనే పాటలలో ఎక్కువ ఆయన వరుసలే. 1997లో వచ్చిన ‘అన్నమయ్య’ చలనచిత్రం తక్కినవారి చెవులను కూడ చేరినది.

ఇంత మేలు చేసిన రికార్డు ఒక కీడును కూడ తెచ్చినది. నోటి పాట వంగుతుంది, రికార్డు వంగదు. ఒక గొప్ప గొంతు పాడిన వరుస శాసనమై కూర్చుంటుంది. ఐదారు వందల ఏండ్ల క్రిందటి పాటకు నిన్న మొన్న కట్టిన వరుసను మనం అనాదియని నమ్మినాము. ఆ నమ్మకంతోనే నేను ఒక పిల్లవాణ్ణి సభలో చిన్నబుచ్చినాను. అన్నమయ్యను అన్నమయ్యగా ఉండనీయుమన్నాను గాని, నేను కాపాడబూనినది అన్నమయ్యను కాదు, నా చిన్ననాటి రేడియోను.

దీనివలన నష్టపడేది ఎవరు? దేవస్థానంవారు ప్రకటించిన తాళ్ళపాక సాహిత్యం 29 సంపుటాలు. వానిలో జనం నోట దినదినం వినపడేవి వందలను మించవు. తక్కినవి ఇంకను రేకు మీద ఉన్నట్లే ఉన్నవి. రాగికి బదులు కాగితం, అంతే తేడా. వానిలో దంపుళ్ళ పాటలున్నవి, తుమ్మెద పదాలున్నవి, పల్లె యాసలో సాగే సరసాలున్నవి, కడజాతి వాని భక్తియు గొప్పవాని భక్తియు ఒక్కటే అనే నిలదీతలున్నవి. గొంతు కోసం కాచుకొని ఉన్నవి.

ఉపాధ్యాయులకు, విద్యార్థులకు మనవి

ఆ పిల్లవాణ్ణి నేను మరల పిలిచినాను. తరగతిలో, అందరి ఎదుట, ఆనాడు నేను అన్న మాట తప్పని చెప్పి, ఆ సంకీర్తనను తిరిగి పాడుమన్నాను. చేతిలో సంపుటం తెరచి పెట్టుకొని విన్నాను. నచ్చినదా అంటే, పల్లవి నచ్చినది. చరణంలోని కేక నాకు నేటికీ ఎక్కువే అనిపిస్తుంది. ఆ మాట అతనితో కూడ చెప్పినాను, అతడు నవ్వినాడు. కాని ఆ చరణంలో ఒక పాతకాలపు క్రియాపదం ఉన్నది. చదువుతూ ఉంటే నేను నిఘంటువు కోసం లేచేవాణ్ణి. అతడు దానిని మూడు మారులు త్రిప్పి త్రిప్పి పాడగా అర్థం దానంతట అదే తెలిసినది. ముప్పై ఏండ్లు తెలుగు చెప్పిన నాకు ఒక తెలుగు మాటను గిటారు నేర్పినది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. పాఠ్యపుస్తకంలోని సంకీర్తనకు ప్రతిపదార్థం చెప్పి ముగించకండి. సంపుటాలలో నుంచి ఎవరూ వినని పాట ఒకటి ఎత్తి నల్లబల్ల మీద వ్రాయండి. అర్థం చెప్పండి. తలమీద రాగం పేరు ఉన్నదని, వరుస మాత్రం పోయినదని చెప్పండి. తరువాత ‘దీనిని ఎవరు పాడుతారు?’ అని అడగండి. ఎవడో ఒకడు కోలాటపు వరుసలో పాడుతాడు. ఇంకొక అమ్మాయి సినిమా పాట బాణీలో పాడుతుంది. మూడవవాడు తప్పెట వాయిస్తాడు. మొదటిసారి నచ్చకపోవచ్చును. రెండవసారి పాడించి అప్పుడు తీర్పు చెప్పండి.

విద్యార్థులకు ఒక హెచ్చరిక. స్వేచ్ఛ ఉన్నది గదా అని మాటను విరవకూడదు. ఏ పదం ఎక్కడ ముగుస్తుందో తెలియనివాడు కట్టిన వరుస ఎంత ఇంపైనా అది వాక్కుకు అపచారమే. రాళ్ళపల్లివారు మొదట పండితులు, పిదప స్వరకర్తలు. బక్లీ కూడ ఒక పాత పాటను తీసికొన్నప్పుడు దాని మాటల ముందు తన గొంతును అణచుకొన్నాడు. ముందు చదవండి, తరువాత పాడండి, పాడిన తరువాత మరల చదవండి.

ఒక కాఫీ హోటలులో మొదలైన గొంతు 149వ మెట్టు మీద ఆగినదని లోకం లెక్క వ్రాసుకొన్నది. ఒక కొండమీది అరలో వ్యాకరణం ఒకటి పోగా పాటలు తప్ప మరేమియు లేవని మరియొక లెక్క వ్రాసి ఉన్నది. రెండు లెక్కలూ తప్పినవి. సరిదిద్దినవారు తరువాత విన్నవారు, తరువాత పాడినవారు. పాటను కట్టినవాడు దానికి తొలి గొంతు మాత్రమే ఇవ్వగలడు. రెండవ గొంతు ఇవ్వవలసినది మన తరగతి గదులే.